సీసాలో కళ్లి

మా చిన్నమ్మ మునివెంకటమ్మ దొంగ అన్న మాట మా ఊరికి చింతామణి నుంచి సైకిలు మీద వచ్చింది. తెచ్చినవాడు గోవిందప్ప. మా ఊరివాడే, చింతామణిలో పట్టుపురుగుల ఆఫీసరు ఇంట్లో జవాను. ఖాకీ చొక్కా తొడిగిన రోజు నుంచి తను ఏం మాట్లాడినా సర్కారు మాట అనుకుంటాడు. ఊరు కూడా అలాగే అనుకుంటుంది, అదే బాధ.

సైకిలు గోడకు ఆనించి మా జగలి మీద కూర్చున్నాడు. మా వైపు వీధి అరుగును జగలి అంటాం. మా అమ్మ యశోదమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, మా నాయన వైపు తిరిగాడు.

"తిమ్మరాయప్పా, చెప్పేదా వద్దా అని దోవంతా అనుకుంటా వచ్చినా."

"చెప్పేకే కదా వచ్చిండేది. చెప్పు."

"మీ మునివెంకటమ్మ ఈ పొద్దు ఆఫీసరింటికి వచ్చిండె. నెత్తిన గంప. వాకిలి దాటిందో లేదో, అమ్మగారు లోపలికి కేక వేసిరి. ‘రీ, కళ్లి బంతు, బేగ బర్రి’ అని. ఆఫీసరు గడ్డానికి సోపు పూసుకోనుండె. అట్లే బయటికి వచ్చె. నేను గేటు కాడ నిలబడి చూస్తాండా."

మా నాయన బీడీ వెలిగించబోయి ఆగాడు. "కళ్లి అనిందా?"

"ఈ చెవులతోనే విన్నా. ఇంగొకటి కూడా ఉండాది. పోయేటప్పుడు కొంగు కింద ఏందో దాచిపెట్టుకోని పోయె. ఎండకు తళుక్కుమనె."

కన్నడంలో కళ్లి అంటే ఆడదొంగ. మా ఊళ్లో ఈ మాట తెలియనివాళ్లు లేరు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో బళ్లో కన్నడం, తిట్టుకోవడానికి రెండూ వాడుకునే ఊరు మాది. ‘కళ్లి బంతు, బేగ బర్రి’ అంటే దొంగది వచ్చింది, తొందరగా రండి. ఇంకేం కావాలి?

"నేను పోయి ఆయమ్మను అడిగొస్తా," అన్నాను.

"ఏమని అడుగుతావు? మా ఇంటిది దొంగనా అనా?" అన్నాడు నాయన. "మనకు పురుగుల గుడ్లు ఇచ్చేది ఆయప్ప. పుస్తకాలు చదివేవాడివి కదా, ఆమాత్రం తెలీదా?"

"పోయినా దొరకరు," అన్నాడు గోవిందప్ప. "మద్యానం బస్సుకు బెంగళూరికి పోయిరి. సోమవారం దాకా రారు. వచ్చినాక పోలీసోళ్లకు చెప్తారో ఏమో, నాకు తెలీదప్పా."

ఆ మాటతో మా నాయన బీడీ పారేశాడు.

చిన్నమ్మ అప్పటికి ఇంకా ఇల్లు చేరలేదు. మురుగమల్ల బస్సు ఆమెను రోడ్డు మీద దించాలి, అక్కడినుంచి నడిచి రావాలి. ఆమె వచ్చేలోగానే ఊరు ఆమె దొంగిలించిన వస్తువును తయారు చేసింది. మొదట ఇత్తడి చెంబు అన్నారు. బావి దగ్గరికి వెళ్లేసరికి అది వెండి గిన్నె అయింది. ఆవులు ఇంటికి తిరిగేసరికి బంగారు చైను అయింది. ఏదీ పోలేదని ఒక్కరికీ తట్టలేదు.

ఆమె ఎవరో చెప్పాలి. సాదలి నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు మా అవ్వ వాకిలి పైన కలబంద మొక్కను వేళ్లతో సహా తలకిందులుగా వేలాడదీసింది. కొత్త కోడలికి దిష్టి తగలకూడదని. మన్ను లేదు, నీళ్లు లేవు, అయినా ఆ మొక్క పచ్చగానే వేలాడింది. చిన్నాయన చిన్నప్ప బావి పూడిక తీస్తుంటే గట్టు విరిగి మీద పడింది. అతన్ని కాల్చి వచ్చిన సాయంత్రం మా అవ్వ ఆ కలబందను పీకి కొట్టం వెనక్కి విసిరేసింది. "నువ్వేం కాపాడితివి" అని దాన్ని తిట్టింది. తిట్టు మొక్కకో, కోడలికో, వినేవాళ్లు ఎవరికి కావాలంటే వాళ్లకు అన్వయించుకోవచ్చు.

చిన్నమ్మకు పిల్లలు లేరు. వెనక గది ఇచ్చారు. ఒక కిటికీ, ఒక చాప. చాలా కాలం తర్వాత ఆమె కొట్టం వెనక పేడ ఎత్తుతుంటే పగిలిన కుండ పెంకులో వాన నీళ్లు, ఆ నీళ్ల అంచున అదే కలబంద కనిపించాయి. తెల్లటి కొత్త వేర్లు నీళ్లలోకి దిగి ఉన్నాయట. ఆమె దాన్ని తెచ్చి మందు సీసాలో పెట్టి కిటికీలో ఉంచింది.

అలా మొదలైంది. పొలం కంచెలోని జెముడు కొమ్మ, గుడి వెనక రణపాల, బండల మీద పాకే నల్లేరు, ఏది కనిపించినా చిన్న ముక్క కోసి తెచ్చేది. సీసాలు మురుగమల్ల దర్గా ఉరుసు అయిపోయాక దొరికేవి. అత్తరు సీసాలు, సోడా బుడ్లు, నీలం, ఆకుపచ్చ, తేనె రంగువి. జనం పారేసి పోయినవాటిని ఏరి, బూడిదతో తోమి తెచ్చేది. పని చాలా ఓపికతో చేసేది. కోసిన ముక్కను వెంటనే నీళ్లలో పెట్టదు. పెడితే కుళ్లి కంపు కొడుతుంది. నీడలో పడేసి, కోసిన చోట పాలు ఆరి, పైన పొర కట్టేదాకా ఉంచుతుంది. తర్వాత సీసా మూతిలో నిలబెడుతుంది, కొన మాత్రం నీళ్లకు తగిలీ తగలనట్లు. కొన్నాళ్లకు కింది నుంచి దారాల్లాంటి వేర్లు దిగుతాయి. పొద్దుటి ఎండ ఆ కిటికీలో పడితే వేర్ల నీడలు ఆమె గోడ మీద కదిలేవి.

మా ఊళ్లో ఎవరి ఇంట్లోనూ కేవలం చూసుకోవడానికని పెట్టుకున్న వస్తువు లేదు. గోడకు క్యాలెండరు ఉంటుంది, అది అమావాస్య ఎప్పుడో చూసుకోవడానికి. అందుకే ఆమె సీసాలంటే అందరికీ అనుమానం. "జెముడు కంచెకు వేసేది గాని ఇంట్లో పెడతారా యాడన్నా? ఇల్లు ముండ్లపాలు చేసేకా?" అని మా అమ్మ రోజూ సణిగేది. చిన్నమ్మ సీసాల్లో నీళ్లు మార్చుకుంటూ ఉండేది.

మెచ్చుకున్నది ఒక్క ఆఫీసరు భార్య. కన్నడ రాష్ట్రం ఒకటైన తర్వాత ధారవాడ వైపు నుంచి మా తాలూకాలకు ఆఫీసర్లు రావడం మొదలైంది. ఆమెదీ ఆ వైపే. భర్తతో కలిసి పురుగులు చూడటానికి మా ఇంటికి వచ్చి, వెనక కిటికీ ముందు నిలబడిపోయింది. తన హాలులో పెట్టుకోవడానికి నాలుగైదు చేసి తెమ్మని అడిగింది. ఆ రోజు చిన్నమ్మ గంపలో చింతామణికి తీసుకుపోయినవి అవే.

పొద్దు వాలేవేళకు ఆమె ఖాళీ గంపతో వచ్చింది. వాకిట్లో ఊరు సగం ఉంది. కొంగు కింద చేయి ఉంది. మా నాయన మా అమ్మకు కనుసైగ చేశాడు. మా అమ్మ కొంగు పక్కకు లాగింది. చిన్నమ్మ చేతిలో నీలం గాజు సీసా. మూతికి పూల చెక్కడం ఉంది. అలాంటిది మా ఊళ్లో ఎవరూ చూడలేదు.

"తళుక్కుమనిందంటి కదా," అన్నాడు గోవిందప్ప.

మా ఇంట్లో కోడలు బావగారితో ఎదురుగా మాట్లాడదు. మాట్లాడవలసింది మా అమ్మతో అంటుంది, ఆయన పక్కనే ఉండి వింటాడు. చిన్నమ్మ ఆ రోజు కూడా అలాగే అడిగింది.

"అక్కా, ఏమయ్యిందో బావను చెప్పమను."

"ఆ సీసా యాడిదో దాన్ని చెప్పమను," అన్నాడు నాయన, ఆయనా మా అమ్మతోనే.

"ఆయమ్మ ఇచ్చె. దీంట్లో ఇంగొకటి చేసి తెమ్మని."

"ఇచ్చిన వస్తువును కొంగు కింద దాచుకుంటారా?"

"బస్సులో తోపులాట. గాజు కదక్కా, పగిలిపోతాదని."

గుంపులోంచి ఎవరో నవ్వారు. మా నాయన సీసా లాక్కుని లోపలికి నడిచాడు. నేను వెనకాలే పరుగెత్తాను. వెనక గది కిటికీలో ఉన్నవన్నీ ఒక్క చేత్తో ఊడ్చాడు. చేయి పట్టుకోబోతే నన్ను గోడకు నెట్టాడు. సీసాలు బండల మీద పగిలాయి. ముక్కలు, వేర్లు, నీళ్లు. జెముడు కొమ్మలు విరిగి పాలు కారుతున్నాయి. నీలం సీసా మాత్రం రుజువుగా చేతిలో ఉంచుకున్నాడు.

తర్వాత ఊరి పెద్ద నరసింహప్పను పిలిచి తీర్పు చెప్పించుకున్నాడు. రేపు శనివారం. పొద్దున ఆంజనేయస్వామి ముందర చిన్నమ్మ కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి, తీయలేదని ప్రమాణం చేయాలి. చేస్తే ఇంట్లో ఉంటుంది. చేయకపోతే సాదలికి వెళ్లిపోవాలి. సాదలిలో ఆమె తల్లీ తండ్రీ పోయారు. అన్న ఒకడున్నాడు, అతను ఉరుసుకు వచ్చినప్పుడు కూడా మా వీధిలోకి తిరిగి చూడడు. వెళ్లిపోవడమంటే ఎక్కడికో మా నాయనకు తెలుసు.

ఆ రాత్రి ఆమె గదిలోకి పోలేదు. జగలి మీదే పడుకుంది.

గుడి ముందర చేరిన జనాన్ని చూస్తే స్వామికి కూడా అంతమంది ఎప్పుడూ రాలేదనిపించింది. పూజారి పళ్లెంలో కర్పూరం పెట్టి వెలిగించాడు. నరసింహప్ప గొంతు సవరించుకున్నాడు.

"ఆర్పమ్మా. నువ్వు తీయకుంటే నీకేమి భయం."

చిన్నమ్మ మంట వైపు చూసింది. చేయి ఎత్తలేదు.

"నా మొగుడు బావిలో ఉన్నప్పుడు, బతికి రావాలని ఈ సామి ముందర ఈ చేత్తోనే దీపం పెట్టినా. ఆర్పేపని నాతో కాదు నాయనా."

"చూస్తిరా," అన్నాడు మా నాయన. "తీసిండకపోతే ఆర్పేకేమి?"

"అట్లయితే సాదలికి పోతావా?" నరసింహప్ప గొంతు గట్టిపడింది.

"పోతా. పోయే ముందర ఒకటి వింటా. ఆయమ్మ ఏమనిందో, అనిండే మాట అనినట్లే గోవిందప్పను చెప్పమనండి."

గోవిందప్ప ఖాకీ చొక్కా సర్దుకుని ముందుకు వచ్చాడు. "కళ్లి బంతు."

"బంతు అనిందా, బందళు అనిందా?"

"బంతు అనె. కళ్లి వచ్చింది అని."

"రెండూ ఒకటే కదమ్మా," అన్నాడు నరసింహప్ప. "దాంట్లో ఏముండాది?"

అక్కడున్నవాళ్లకు నిజంగానే రెండూ ఒకటే. తెలుగులో అత్త వచ్చినా వచ్చిందే, ఆవు వచ్చినా వచ్చిందే. కన్నడంలో అలా కాదు. మనిషి అయితే బందళు, గొడ్డూ గోదా, చెట్టూ చేమా అయితే బంతు. మావాళ్లు కన్నడం మాట్లాడేటప్పుడు కూడా నోట్లో తెలుగే తిరుగుతుంది. పెళ్లాం వచ్చినా బంతు అంటారు, ఎనుము, అంటే గేదె, వచ్చినా బంతు అంటారు. అందుకే గుంపులో ఒక్కరికీ ఆమె అడిగింది తలకెక్కలేదు. నాకు ఎక్కింది. నోరు తెరిచాను. "నువ్వు మూసుకో," అన్నాడు నాయన. చిన్నమ్మ కూడా నా వైపు చూసి వద్దన్నట్లు తల ఊపింది.

"మనకు ఒకటే నాయనా. ఆయమ్మకు ఒకటేనా?" ఆమె గోవిందప్ప వైపు తిరిగింది. "అప్పా గోవిందప్పా, ఆయమ్మ నిన్ను దినామూ ఏమని ఎకసెక్కం చేస్తాది? నిన్న నా ముందర కూడా చేసె కదా."

గోవిందప్ప గుంపు వైపు చూశాడు.

"చెప్పప్పా. సామి ముందర ఉండావు."

"ఏమీ లేదు. అమ్మగారు అంగడి నుంచి వస్తే నేను లోపలికి పోయి ఆఫీసరుకు ‘అమ్మ బంతు’ అని చెప్తా. దానికి ఆయమ్మ నగుతాది."

"నగి ఏమంటాది?"

"‘నాను ఎమ్మేనో గోవిందప్పా’ అంటాది. నేనేమన్నా ఎనుమునా అని. బంతు కాదు, మర్యాదగా బందరు అనాల అని చెప్తాది."

వెనక ఎవరో పక్కున నవ్వారు. గోవిందప్ప చెవులు ఎర్రబడ్డాయి.

"గిన్నెలు తోమే ఆమె వస్తే ఆయమ్మ ఏమంటాది?"

"బందళు అంటాది."

"దూడ వస్తే?"

"బంతు."

"అట్లయితే నిన్న వచ్చింది మనిషా, ఇంగొకటా?"

ఆమె ఆగకుండా ఇంకో ప్రశ్న వేసింది.

"నా గంపలో ఏముండె?"

"జెముడు. సీసాల్లో."

"జెముడును కన్నడంలో ఏమంటారు?"

"పాపాసుకళ్లి అంటారు," అని అలవాటుగా అనేశాడు గోవిందప్ప. మా ఊళ్లో అందరూ దాన్ని ఆ నిండు పేరుతోనే అంటారు. ఉత్త కళ్లి అన్నా జెముడే, కానీ అలా అంటే ఎవరికీ ఆడదొంగ తప్ప మరొకటి గుర్తురాదు. గోవిందప్ప ఆ పేరును మళ్లీ ఒకసారి నోట్లో తిప్పుకున్నాడు. తర్వాత చాలా మెల్లగా, తనలో తను అనుకున్నట్లు, "కళ్లి," అన్నాడు.

పళ్లెంలో కర్పూరం దానంతట అదే అయిపోయింది. మొదట నవ్వినవాడు నరసింహప్ప. పెద్దాయన నవ్వాడు కనుక అందరూ నవ్వారు. "థూ నీ కన్నడం మీద మన్ను పడ," అని ఎవరో గోవిందప్ప వీపు మీద చరిచారు. "నువ్వు కూడా బంతువే పోరా ఎనుమా," అన్నారు ఇంకెవరో. నీలం సీసా సంగతి మళ్లీ ఒక్కరూ అడగలేదు. ఏ రుజువూ లేకుండా దొంగను చేసినవాళ్లు ఏ రుజువూ లేకుండానే దొంగ కాదన్నారు. వాళ్లకు నవ్వు వచ్చింది, అంతే. నవ్వు రాకపోయి ఉంటే ఆమె ఆ మధ్యాహ్నానికి సాదలి దారిలో ఉండేది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మా ఊళ్లో అన్నం సయించదు.

మా నాయన నవ్వలేదు. ఇంటికి వచ్చాక నీలం సీసాను జగలి మీద పెట్టి, మా అమ్మతో అన్నాడు. "లోపలికి రమ్మను."

చిన్నమ్మ లోపలికి పోయింది, కానీ ఉండటానికి కాదు. గాజు పెంకుల మధ్య నుంచి విరిగిన ముక్కలన్నీ ఏరి కొంగులో వేసుకుని బయటికి వచ్చింది. జగలి మీద నీడ పడేచోట వరసగా పరిచింది. జెముడు, రణపాల, నల్లేరు, నలిగిన కలబంద. పక్కన కూర్చుంది.

"లోపలికి రావే," అంది మా అమ్మ. "అయిపోయిందానికి ఇంగా ఏమి?"

"ఇవి ఆరనీ అక్కా."

"ఇంట్లో ఆరబెట్టుకోరాదా?"

"ఈడనే బాగా ఆరతాయి."

మా అమ్మ అన్నం అక్కడికే తెచ్చింది. ఆమె అక్కడే తిన్నది, అక్కడే పడుకుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వీధిలో పోయేవాళ్లు మొదట పలకరించారు, తర్వాత తల దించుకుని పోవడం నేర్చుకున్నారు. మా నాయన బయటికి పోవాలంటే ఆమెను దాటి పోవాలి. అందుకని దొడ్డివాకిలి వాడుకోవడం మొదలుపెట్టాడు. తన ఇంట్లో తనే వెనక దారిన తిరుగుతున్న మనిషిని చూసి నేను సంతోషించాననే చెప్పాలి.

ఆఫీసరు భార్య తిరిగి వచ్చి అంతా విన్నదట. గోవిందప్ప సైకిలు హ్యాండిలుకు సంచి తగిలించుకుని వచ్చాడు. సంచిలో సెంటు సీసాలు, సిరా బుడ్లు, ఒక పొడుగాటి గాజు కూజా. జగలి అంచున ఒక్కొక్కటి దించాడు.

"అమ్మగారు పంపిచ్చిరి. నీలం సీసాలో పెట్టి ఎప్పుడు తెస్తావని అడగమనిరి." ఆగి, తల గోక్కున్నాడు. "అక్కా, నా మీద కోపమా?"

"నీ మీద ఏం కోపమప్పా. నువ్వు విన్నిందే చెప్తివి." ఆమె ఒక రణపాల ముక్క తిప్పి చూసింది. "విన్నవాళ్ల సంగతి వేరే."

ఆ మాట లోపల ఉన్న మా నాయనకు వినిపించింది. వినిపించాలనే అన్నది.

ముక్కలకు కోతల మీద పొర కట్టిన పొద్దున ఆయన ముందు వాకిలి గుండానే వచ్చాడు. చేతిలో నీళ్ల చెంబు. ఎవరూ తెమ్మనలేదు. జగలి దగ్గర గొంతుకూర్చుని, కూజాలోకి నీళ్లు వంచాడు. నిండిపోయింది.

"అన్ని నీళ్లు వద్దు బావా," అంది చిన్నమ్మ. "కుళ్లిపోతాది. కొన తగిలీ తగలనట్లు ఉండాల."

మా అమ్మ గడపలో నిలబడిపోయింది. ఆమె ఆయనతో ఎదురుగా మాట్లాడిన మొదటి మాట అది. మా నాయన కూజా వంచి సగం నీళ్లు కింద పోశాడు. సగం తన పాదాల మీదే పడ్డాయి. తర్వాత సిరా బుడ్లు ఒక్కొక్కటి తీసుకుని కొంచెం కొంచెంగా పోశాడు, ప్రతిసారీ ఆమె ముఖం చూస్తూ. ఆమె చాలు అన్నప్పుడు ఆపాడు. చివరికి నీలం సీసాలో పోశాడు. అందులో ఆమె జెముడు కొమ్మ నిలబెట్టింది.

"ఇవన్నీ వెనక గదికి చేర్చేదా?" అన్నాడు ఆయన. ఆయన కూడా నేరుగానే అడిగాడు.

"వెనక వద్దు. ముందర కిటికీలో పెడతా."

ముందర కిటికీ వీధిలోకి ఉంటుంది. మా నాయన ఎవరు వచ్చినా ఆ కిటికీ పక్కనే కూర్చోబెడతాడు. ఆయన వీధి వైపు చూశాడు. ఎదురింటి జగలి మీద ఇద్దరు కూర్చుని ఇటే చూస్తున్నారు.

"జెముడు ముందరా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"కళ్లి," అంది చిన్నమ్మ. "కళ్లి అందరికీ కనపడాల కదా బావా."

ఆయన చెంబు పక్కన పెట్టాడు. తర్వాత లేచి లోపలికి వెళ్లాడు. ముందర కిటికీ గూట్లోంచి తన బీడీ కట్ట, అగ్గిపెట్టె తీసుకున్న చప్పుడు వినిపించింది. చిన్నమ్మ నీలం సీసాను రెండు చేతులా పట్టుకుని గడప దాటింది.